సంఘమును పెంచేది ఎవరు? లూథరన్ చరిత్రలో ఒక పాత తగవు



ఆదివారము ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో నిలబడి పెద్దలు మాట్లాడుకునే మాటలు ఈ మధ్య చాలా ఊళ్లలో ఒకే రీతిగా వినబడుతున్నాయి. "మన యౌవనస్థులు పక్క సంఘానికి వెళ్లిపోతున్నారు, మనము కూడా కాలాన్నిబట్టి మారకపోతే బెంచీలే మిగులుతాయి" అని ఒకరంటారు. "మన ఆరాధన క్రమము, మన ప్రశ్నోత్తరి వదిలేస్తే ఇక మనము లూథరన్లము అని ఎందుకు చెప్పుకోవాలి?" అని మరొకరంటారు. ఇద్దరూ సంఘమును ప్రేమించేవారే. ఇద్దరూ కన్నీటితోనే మాట్లాడుతున్నారు.

ఈ తగవు మన ఊరిలో పుట్టలేదు. దీనికి అమెరికా లూథరన్ సంఘములలో దాదాపు రెండు వందల సంవత్సరాల చరిత్ర ఉంది. చాలామందికి తెలియని విషయమేమిటంటే, ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన పుట మన తెలుగు నేలమీద వ్రాయబడింది. ఈ వారము ఆ కథ చెప్పుకుందాము.

మొదట 1522వ సంవత్సరము మార్చి నెలకు వెళ్లాలి. అప్పుడు లూథరు వార్ట్‌బర్గ్ కోటలో దాగియున్నాడు. అతడు లేని సమయములో విట్టెన్‌బర్గ్ పట్టణములో కార్ల్‌స్టాట్ మొదలైనవారు సంస్కరణను తొందరపెట్టారు. ఆరాధన ఒక్కసారిగా మార్చబడింది. విగ్రహములు పడగొట్టబడ్డాయి. సిద్ధపడని మనస్సాక్షి గల సామాన్యులు భయపడిపోయారు. లూథరు కోట విడిచి వచ్చి మార్చి 9 నుండి వరుసగా ఎనిమిది దినములు ప్రసంగించాడు. ఆ మార్పులలో చాలావాటిని అతడు కూడా కోరుకున్నవాడే. అయినా బలవంతమును ఒప్పుకోలేదు. తాను చేసినదంతా బోధించడము, వ్రాయడము మాత్రమేననీ, తాను నిద్రపోతున్నప్పుడు, స్నేహితులతో కూర్చుని బీరు త్రాగుతున్నప్పుడు కూడా వాక్యమే తన పని చేసుకుపోయిందనీ ఆ ప్రసంగములలో చెప్పాడు. మన సంఘములలో బీరు మాట వినగానే ముఖము చిట్లించేవారు ఉంటారు. దానిని పక్కన పెట్టి ఆయన చెప్పిన సంగతి చూడండి. విశ్వాసము పుట్టించే పని తనది కాదని ఆయన చెబుతున్నాడు.

ఆరేళ్ల తరువాత, 1528లో, సాక్సనీ గ్రామ సంఘములను దర్శించడానికి లూథరు, అతని సహచరులు బయలుదేరారు. అక్కడ చూసినది వారిని కుంగదీసింది. పది ఆజ్ఞలు తెలియవు, పరలోక ప్రార్థన తెలియదు. కొన్నిచోట్ల బోధించవలసిన పాదిరికే తెలియదు. అటువంటి స్థితికి లూథరు ఇచ్చిన జవాబు 1529లో వచ్చిన చిన్న ప్రశ్నోత్తరి. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పగలిగేటంత చిన్న పుస్తకము అది.

మరుసటి సంవత్సరము, 1530 జూన్ 25న, ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఐదవ చార్లెస్ ఎదుట విశ్వాస ప్రమాణము చదవబడింది. దానిలో రెండు ఆర్టికల్స్ మీరు జ్ఞాపకముంచుకోవాలి. ఐదవ ఆర్టికల్ చెప్పేది, సువార్త ద్వారా, సంస్కారముల ద్వారా దేవుడు పరిశుద్ధాత్మను అనుగ్రహిస్తాడు, ఆ ఆత్మ దేవునికి ఇష్టమైన చోట, ఇష్టమైన వేళ విశ్వాసము పుట్టిస్తాడు. ఏడవ ఆర్టికల్ చెప్పేది, సంఘ ఐక్యతకు సువార్త బోధలోను సంస్కారములలోను ఏకీభావము ఉంటే చాలు, మనుష్యులు ఏర్పరచిన ఆచారములు అన్నిచోట్ల ఒక్కలాగే ఉండనక్కరలేదు. ఒకటి మన చేతిని ఆపుతుంది, మరొకటి మన చేతికి స్వేచ్ఛనిస్తుంది. తరువాత జరిగిన తగవంతా ఈ రెండింటి మధ్యనే జరిగింది.

ఇప్పుడు మూడు వందల సంవత్సరాలు దాటి అమెరికాకు వెళ్దాము. 1820, 1830 దశాబ్దాలలో న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతములో ఛార్లెస్ ఫిన్నీ అనే ప్రసంగీకుడు గొప్ప ఉజ్జీవ సభలు జరిపాడు. ఆయన అంతకుముందు న్యాయవాద వృత్తిలో ఉన్నవాడు, వాదించి తీర్పు రాబట్టుకోవడము తెలిసినవాడు. ఆయన సభలలో ముందు వరుసలో ఒక బల్ల ఉండేది. మనస్సు కలతపడినవారు లేచి వచ్చి ఆ బల్లమీద కూర్చోవాలి. వారిని గూర్చి అందరి ఎదుట ప్రార్థిస్తారు, నిర్ణయము తీసుకునేవరకు బతిమాలుతారు. ఈ రోజు మన కన్వెన్షన్లలో "చేతులెత్తండి, ముందుకు రండి" అనే పిలుపుకు అది పూర్వరూపము. 1835లో అచ్చయిన ఉపన్యాసములలో ఫిన్నీ దీనికి సిద్ధాంతము కూడా చెప్పాడు. ఉజ్జీవము అద్భుతము కాదు, సరైన సాధనములను సరిగా వాడితే రైతుకు పంట వచ్చినట్లే వస్తుంది అన్నాడు.

జర్మనీ నుండి వచ్చి స్థిరపడిన లూథరన్ కుటుంబములకు అది కష్టకాలము. పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుని మెథడిస్టు సభలకు వెళ్లిపోతున్నారు. చర్చి ఆవరణలో మన పెద్దలు మాట్లాడుకునే మాటలే అప్పుడు పెన్సిల్వేనియాలో, మేరీల్యాండ్‌లో జర్మన్ భాషలో వినబడ్డాయి. బాల్టిమోర్‌లో లూథరన్ అబ్జర్వర్ పత్రిక నడిపిన బెంజమిన్ కర్ట్స్ ఈ కొత్త పద్ధతులను గట్టిగా సమర్థించాడు. గెట్టిస్‌బర్గ్ సెమినరీ వ్యవస్థాపకుడు శామ్యూల్ సైమన్ ష్మూకర్ అమెరికా గాలికి తగిన లూథరన్ సంఘము కావాలని కోరుకున్నాడు. 1855లో సంతకము లేని ఒక చిన్న పుస్తకము పాస్టర్లకు చేరింది. ఆగ్స్‌బర్గ్ ప్రమాణమును అమెరికాకు తగినట్లు సవరించాలన్న ప్రతిపాదన అది. బాప్తిస్మములో తిరిగి జన్మించుట, ప్రభురాత్రి భోజనములో క్రీస్తు నిజమైన శరీర రక్తములు, ఇవి తీసివేయవలసిన వాటి పట్టికలో ఉన్నాయి. దాని వెనుక ఉన్నది ష్మూకరేనని త్వరలోనే తెలిసింది. చాలా సినడ్‌లు తిరస్కరించాయి. ముందు వరుసలో ఒక బల్ల వేసుకుందామని మొదలైన మాట, పాతికేళ్లు తిరగకముందే బాప్తిస్మపు తొట్టి దాకా వచ్చింది. ఇది కేవలము పద్ధతి, దీనికి సిద్ధాంతముతో పనిలేదు అని ఎవరైనా తొందరపడి చెప్పినప్పుడు నాకు ఈ 1855వ సంవత్సరము గుర్తుకు వస్తుంది.

మన ఫాదర్ హయ్యర్ ఆ కాలపు మనిషే. మిషనరీ సొసైటీ ఆయనను వివిధ సంఘములు కలిసి నడిపే అమెరికన్ బోర్డు ద్వారా పంపాలనుకుంటే, ఆయన ఒప్పుకోలేదు, ఆ నియామకమును వదులుకున్నాడు. తరువాత పెన్సిల్వేనియా మినిస్టీరియం ఆయనను తన సొంత మిషనరీగా పంపింది. 1841లో బయలుదేరి 1842 జూలై 31న గుంటూరు చేరాడు. అక్కడ కలెక్టరు స్టోక్స్ దొర ఆయనను చేర్చుకున్నాడు. లూథరన్ బోధ విషయములో రాజీపడని ఆ మనిషే అమెరికాకు తిరిగి వెళ్లినప్పుడు వైద్యము చదువుకుని వచ్చాడు, పల్నాడులో ఊరూరా తిరిగాడు. బోధ గట్టిగా పట్టుకున్నవాడు కొత్త పనికి వెనుకాడతాడని ఎవరు చెప్పారు?

అమెరికాలో ఆ వాదానికి బలమైన జవాబు సెయింట్ లూయిస్ పట్టణములో వచ్చింది. 1847లో స్థాపించబడిన మిస్సోరి సినడ్‌కు మొదటి అధ్యక్షుడైన వాల్థర్ 1884, 1885 సంవత్సరాలలో శుక్రవారము సాయంకాలములు విద్యార్థులకు ధర్మశాస్త్రము, సువార్త అనే విషయముమీద ఉపన్యాసములిచ్చాడు. ధర్మశాస్త్రము చేత గాయపడిన మనిషిని, కృప దొరికిందన్న అనుభూతి కలిగేవరకు ప్రార్థించు, పోరాడు అని పంపివేయడము తప్పు అని ఆయన తొమ్మిదవ సూత్రములో నేర్పాడు. అతనికి వాగ్దానము వినిపించాలి, పాపక్షమాపణ ప్రకటించాలి, సంస్కారములను చూపించాలి. ఆయనకు అభ్యంతరము బల్ల అనే చెక్క గురించి కాదు. ఆ బల్లమీద కూర్చున్నవాడు రక్షణను తన గుండెలోపల వెదకుకోవాలా, లేక క్రీస్తు మాటలో వెదకాలా అన్నదే ఆయన ప్రశ్న.

ఇక తెలుగు నేలకు వద్దాము. ఎందుకంటే ఇరవయ్యవ శతాబ్దములో లోకమంతా వ్యాపించిన సంఘాభివృద్ధి సిద్ధాంతము అమెరికా కార్యాలయములో పుట్టలేదు, భారతదేశపు పల్లెలను చూచి పుట్టింది.

ఒంగోలు ప్రాంతములో తాళ్లకొండపాడు అనే ఊరు. అక్కడ యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు తోళ్ల వ్యాపారము చేసేవాడు. వ్యాపారము మీద ఊళ్లు తిరిగేవాడు, దేవుని వెదకేవాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. ఆయన వెంట ఆయన బంధువులు, చుట్టుపక్కల ఊళ్లలోని అదే కులపువారు కదిలారు. మిషనరీ జాన్ క్లౌ వారికి దారి వేయలేదు, దారి అప్పటికే ఉంది. వియ్యము, వ్యాపారము, బంధుత్వము అనే దారి. 1876 నుండి కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగము కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. ఆ దినములలో బాప్తిస్మము అడిగినవారు అనేకులు. అయితే కూలి కోసము, గింజల కోసము వస్తున్నారేమో అని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేశాడు. సహాయము ముగిశాక కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ బాప్టిస్టు మిషను 1836లో ప్రారంభమైంది. ఏళ్ల తరబడి ఫలితము కనబడక, నెల్లూరులోని ఆ ఒక్క స్థలమును మూసివేద్దామా అని అమెరికాలో మళ్లీ మళ్లీ చర్చించారు. 1853లో కూడా ఆ చర్చ జరిగింది. "ఒంటరి నక్షత్రము" అన్న పేరు దానికి అలా వచ్చింది. మన లూథరన్ చరిత్రలో రాజమండ్రి కూడా అటువంటిదే. మనుషులు, డబ్బు చాలక ఆ మిషనును చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించబోతుంటే, 76 ఏళ్ల వయసులో హయ్యర్ లేచి నిలబడి వద్దని వాదించి, 1869లో తానే ఓడ ఎక్కి మూడవసారి వచ్చాడు. లెక్కల పుస్తకము చూచి నిర్ణయించి ఉంటే నెల్లూరు లేదు, రాజమండ్రి లేదు.

ఈ సామూహిక కదలికలమీద మెథడిస్టు మిషనరీ వాస్కం పికెట్ పెద్ద పరిశీలన చేసి 1933లో పుస్తకముగా ప్రచురించాడు. తెలుగు ప్రాంతములు కూడా ఆయన పరిశీలనలో ఉన్నాయి. ఆయన కనుగొన్న రెండు సంగతులను విడదీయకూడదు. ఒకటి, ప్రజలు ఒక్కొక్కరుగా కాదు, కుటుంబములుగా, బంధువర్గముగా కలిసి వచ్చినప్పుడు వారు తమవారినుండి తెగిపోకుండా నిలబడగలిగారు. రెండవది, వారు మొదట ఏ ఉద్దేశముతో వచ్చారన్నదానికంటే, వచ్చిన తరువాత వారికి దొరికిన బోధ, క్రమమైన ఆరాధన వారి విశ్వాస జీవితమును ఎక్కువగా నిర్ణయించాయి.

దమోహ్ పట్టణములో 1897లో పుట్టిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ పికెట్ పనిచేత కదిలించబడ్డాడు. మిషనరీ కుటుంబములో మూడవ తరమువాడు ఆయన. మధ్య భారతములో సత్నామీల మధ్య ఏళ్ల తరబడి పనిచేశాడు. ఆసుపత్రులు, బడులు ఇన్ని ఉన్నా సంఘము ఎందుకు పెరగడము లేదు అన్న ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. నిజాయితీగల ప్రశ్న అది. 1955లో వెలువడిన ఆయన పుస్తకము బంధువర్గములను "దేవుని వంతెనలు" అని పిలిచింది. పేరయ్య నడిచిన దారి అదే కదా! కాని ఆయన పనిని రెండు దశలుగా విడదీశాడు. మొదట ప్రజలను శిష్యులుగా చేయాలి, తరువాత వారిని పరిపూర్ణులుగా చేయాలి. మనుషులను, డబ్బును స్పందించే ప్రజలవైపు ఎక్కువగా మళ్లించాలి, స్పందించనిచోట తేలికగా పట్టుకోవాలి. 1961లో ఆరెగాన్ రాష్ట్రములో ఒక సంస్థ ప్రారంభించి, 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీకి వెళ్లి, 1970లో తన పెద్ద గ్రంథమును ప్రచురించాడు. 1972లో పీటర్ వాగ్నర్‌తో కలిసి అమెరికా పాస్టర్లకే ఈ పాఠములు చెప్పడము మొదలుపెట్టాడు.

అక్కడే మలుపు జరిగిందని నా అభిప్రాయము. పల్లెలో దేవుడు ఎలా పనిచేశాడో గమనించి వ్రాసినది, పట్టణములో మనము ఎలా పనిచేస్తే ఫలితము వస్తుందో చెప్పే పద్ధతిగా మారింది. పికెట్ చెప్పిన మొదటి సంగతి గట్టిగా వినబడింది, రెండవది, అంటే బాప్తిస్మము తరువాతి ఓపికగల బోధ, వెనుకబడింది. మత్తయి సువార్త చివరిలో ప్రభువు బాప్తిస్మమిచ్చుటను, బోధించుటను ఒకే ఆజ్ఞలో కలిపి ఇచ్చాడు. లూథరన్ వేదపండితుల మొదటి అభ్యంతరము ఆ రెండింటిని విడదీయడము మీదనే.

అమెరికాలో అప్పటికే నేల సిద్ధముగా ఉంది. రాబర్ట్ షుల్లర్ 1955లో కార్లలో కూర్చుని సినిమా చూసే స్థలములో ఆరాధన ప్రారంభించాడు, ఇంటింటికి వెళ్లి ప్రజలకు ఏమి కావాలో అడిగాడు, 1980లో గాజు మందిరము కట్టాడు. బిల్ హైబెల్స్ 1975లో విల్లో క్రీక్ సంఘమును వెదకువారికోసము అని రూపొందించాడు. రిక్ వారెన్ సంఘము చేరుకోవలసిన సగటు మనిషికి ఒక పేరు పెట్టి, అతని చదువు, ఆదాయము, ఇష్టాయిష్టములు కూడా వర్ణించుకుంది. తరువాతి సంగతులు కూడా చెప్పడము న్యాయము. విల్లో క్రీక్ తానే 2007లో ప్రచురించిన పరిశీలనలో, కార్యక్రమములలో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన దేవునిపట్ల ప్రేమలో ఎదుగుదల రాలేదని ఒప్పుకుంది. షుల్లర్ సంఘము 2010లో దివాలా తీసింది, ఆ గాజు మందిరము ఇప్పుడు రోమన్ కాథలిక్ కథీడ్రల్. వారి పతనము చూచి మనము సంతోషించకూడదు. మన బెంచీలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో ఆ పతనము చెప్పదు.

లూథరన్లు ఏమి చేశారు? మిస్సోరి సినడ్ వేదాంత సంఘము 1987లో సంఘాభివృద్ధి ఉద్యమముమీద ఒక నివేదిక ఇచ్చింది. నశించినవారికొరకు ఉన్న ఆ తపనను మెచ్చుకుంది. విశ్వాసము పుట్టేది కృపా సాధనముల ద్వారానే గాని పద్ధతుల ద్వారా కాదని హెచ్చరించింది. 1988లో డేవిడ్ లూకే ఒక పుస్తకము వ్రాసి, సారము లూథరన్‌గా ఉంచుకుని శైలిని ఇవాంజెలికల్ సంఘములనుండి తీసుకోవచ్చు అని వాదించాడు. ఏడవ ఆర్టికల్‌ను చేతపట్టుకున్న వాదము అది. శైలి ఖాళీ పాత్ర కాదు, దానిలో దాని సిద్ధాంతము కూడా కొంత వస్తుంది అని ఎదుటివారు ఐదవ ఆర్టికల్ తెరిచారు.

ఈ వాదము కాగితముమీద కాక ఒక మనిషి జీవితములో ఎలా జరిగిందో చూడాలంటే అరిజోనా రాష్ట్రములోని వాల్ట్ కాలెస్టాడ్‌ను చూడండి. ఆయన లూథరన్ పాస్టరు. 1978లో చిన్న సంఘమునకు వచ్చి దానిని వేలమంది సంఘముగా పెంచాడు. వినోదము ద్వారా సువార్త అనే అర్థము వచ్చే పేరుతో 1996లో పుస్తకము వ్రాశాడు. తరువాత గుండెపోటు వచ్చింది. కొంతకాలము సెలవు తీసుకుని ఇతర సంఘములను దర్శించాడు. తిరిగి వచ్చి తన ఆదివారపు ప్రదర్శనను తానే ఆపివేశాడు. చూడడానికి వచ్చినవారిని శిష్యులుగా చేయలేకపోయామని 2008లో ఒక పత్రికలో బహిరంగముగా వ్రాశాడు. ఆ మార్పుకు అతని సంఘములో చాలామంది వెళ్లిపోయారు. వ్యతిరేకులు వందసార్లు చెప్పినా కలుగని నమ్మిక ఈ ఒక్క మనిషి మాటవల్ల నాకు కలిగింది. ఎందుకంటే పెరిగిన సంఘమును పోగొట్టుకుని చెప్పిన మాట అది.

అదే 2008లో సెయింట్ లూయిస్‌లో మరొక సంఘటన జరిగింది. రేడియో వినే మనకు అది ఆసక్తికరమైనది. మిస్సోరి సినడ్‌కు కె.ఎఫ్.యు.ఓ. అనే రేడియో స్టేషను 1924 నుండి ఉంది. దానిలో "ఇష్యూస్ ఎట్‌సెట్రా" అనే కార్యక్రమమును పాస్టర్ టాడ్ విల్కెన్ నడిపేవాడు. సంఘాభివృద్ధి పద్ధతులను అది గట్టిగా విమర్శించేది. అప్పటి అధ్యక్షుడు కీష్నిక్ నాయకత్వములో సినడ్ 2004లో ఒక పెద్ద ఉద్యమము ప్రారంభించి ఉంది. సంస్కరణకు 500 ఏళ్లు నిండే 2017 నాటికి పది కోట్ల మందికి సువార్త అందించాలన్నది గురి. ఎంతమందికి అందిందో లెక్క కూడా వేశారు. వాక్యము చెప్పిన లెక్క ఉంచవచ్చు గాని, ఆత్మ చేసిన పనికి లెక్క ఎలా వేస్తారని విమర్శకులు అడిగారు. 2008 మార్చి 18న, శ్రమల వారములో మంగళవారమున, ఆ కార్యక్రమము హఠాత్తుగా ఆపివేయబడింది. ఆర్థిక, నిర్వహణ కారణములు అని అధికారులు చెప్పారు. నమ్మనివారు వేలాది సంతకములు చేశారు, వాల్ స్ట్రీట్ జర్నల్ వంటి పత్రికలో కూడా ఈ విషయము వచ్చింది. జూన్ 30న ఆ కార్యక్రమము శ్రోతల కానుకలతో స్వతంత్రముగా తిరిగి మొదలైంది. 2010లో సినడ్ కొత్త అధ్యక్షునిగా మాథ్యూ హారిసన్‌ను ఎన్నుకుంది.

మరి సరైన బోధవైపు తిరిగితే సంఖ్య పెరిగిందా? లేదు. 1970 దశాబ్దము మొదట్లో సుమారు 28 లక్షలున్న మిస్సోరి సినడ్ సభ్యత్వము 2020 దశాబ్దమునకు 18 లక్షలలోపుకు వచ్చింది. మార్పుకు తలుపులు ఎక్కువగా తెరిచిన అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ సంఘము 1988లో యాభై లక్షలు దాటి ప్రారంభమై, ఇప్పుడు ముప్పై లక్షలలోపే ఉంది. రెండు పక్షములకూ లెక్కల పుస్తకము సాక్ష్యము చెప్పలేదు. ఇతియోపియాలోని మెకానె యేసూస్ లూథరన్ సంఘమైతే 1959లో సుమారు 20 వేలమందితో మొదలైంది. కమ్యూనిస్టు ప్రభుత్వ కాలములో మందిరములు మూయబడ్డాయి, ప్రధాన కార్యదర్శి గుదినా తుమ్సా 1979లో చంపబడ్డాడు. ఇప్పుడు అది కోటికి పైగా సభ్యులున్న సంఘము. వారిలో స్వస్థత ప్రార్థనలున్నాయి, కొత్త పాటలున్నాయి, లూథరన్ ఒప్పుకోలు కూడా ఉంది. ఏ పద్ధతుల గ్రంథము ఆ హింసను సిఫారసు చేస్తుంది?

మన సంగతి ముగించి వెళ్దాము. కీబోర్డు, డ్రమ్ములు వద్దనేవారు ఒక్కసారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను తలచుకోవాలి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివారు మన రాగములలో, మన తాళములలో క్రీస్తును పాడారు. జర్మనీ బాణీలే పాడాలని పట్టుబట్టి ఉంటే మన తాతలకు ఆ పాటలు దొరికేవి కావు. ఏడవ ఆర్టికల్ ఇచ్చిన స్వేచ్ఛ అది. అక్కడ నాకు భయము లేదు.

నాకు భయము వేరొకచోట ఉంది. మెక్‌గావ్రన్ సిద్ధాంతములో ఒక సూత్రము ఉంది. జాతి, భాష, తరగతి అనే హద్దులు దాటనక్కరలేకుండా క్రైస్తవులు కావడము మనుషులకు ఇష్టము, కాబట్టి ఒకే వర్గపువారితో సంఘమును కట్టితే త్వరగా పెరుగుతుంది అన్నదే దాని సారాంశము. అమెరికాలో దీనిని ఆదాయము, వయసు అని చదువుకున్నారు. మన దేశములో దీనిని ఎలా చదువుతారో మీకు నేను చెప్పనక్కరలేదు. 1977లో పాసడీనాలో జరిగిన సమాలోచనలో జాన్ స్టాట్ మొదలైనవారు, అటువంటి సంఘము ప్రారంభము కావచ్చు గాని అక్కడే ఆగిపోకూడదని అన్నారు. మన తాతలు కులముగా కలిసి వచ్చారు నిజమే. పేరయ్య వెంట వచ్చినవారు అలాగే వచ్చారు. అది వచ్చిన దారి, కూర్చోవలసిన గది కాదు.

ఈ విషయములో లూథరన్ చరిత్ర కూడా నిర్దోషి కాదు. తమిళ దేశములో బిషప్ డానియేల్ విల్సన్ 1833లో సంఘమునుండి కులభేదమును తీసివేయాలని ఆజ్ఞాపించినప్పుడు, వేపేరి, తంజావూరు సంఘములలో పెద్ద కలత పుట్టింది. తరువాత వచ్చిన లైప్‌జిగ్ లూథరన్ మిషను, దాని డైరెక్టరు కార్ల్ గ్రౌల్, కులము సమాజపు ఆచారమే, బలవంతముగా తీయకూడదు అన్నారు. విశ్వాసమునకు సంబంధించని ఆచారములలో స్వేచ్ఛ అనే మన సిద్ధాంతమే అక్కడ గోడను కాపాడడానికి ఉపయోగపడింది. కొత్త పద్ధతులవారు అభివృద్ధి పేరుతో చేయగల తప్పును, పాత బోధవారు స్వేచ్ఛ పేరుతో ముందే చేశారు.

అంతియొకయలో ఇదే జరిగింది. అన్యజనులతో కలిసి భోజనము చేస్తున్న పేతురు, యాకోబు యొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తగ్గి వేరుగా కూర్చున్నాడు. బర్నబా కూడా వారితో కలిసిపోయాడు. పేతురు ప్రసంగములో ఒక్క మాట మార్చలేదు, బల్ల మాత్రమే మార్చాడు. పౌలు అందరి ఎదుట అతనిని నిలదీసి, అది సువార్త సత్యమునకు సంబంధించిన సంగతి అన్నాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము 11వ వచనము మొదలుకొని ఇంటిలో అందరూ కలిసి చదువుకోండి.